నెత్తళ్ల వెంట పక్షులు, పక్షుల వెంట ఓడలు

పెరూ దేశపు పసిఫిక్ తీరం ప్రపంచంలోని అతి పొడి నేలల్లో ఒకటి. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా అక్కడ చాలా చోట్ల ఏళ్ల తరబడి చెప్పుకోదగ్గ వాన కురవదు. ఆ ఎడారిని ఆనుకొని ఉన్న సముద్రం మాత్రం ప్రపంచంలోకెల్లా ఎక్కువ చేపలు దొరికే చోట్లలో ఒకటి. నేల ఎండిపోవడానికి, నీరు పండడానికి కారణం ఒక్కటే. దక్షిణం నుంచి వచ్చే చల్లని హంబోల్ట్ ప్రవాహం తీరం వెంబడి ఉత్తరానికి సాగుతుంది. ఆగ్నేయం నుంచి వీచే గాలులు, భూభ్రమణం కలిసి పైనీటిని ఒడ్డు నుంచి దూరంగా నెడతాయి. ఆ చోటును నింపడానికి అడుగునీరు పైకి ఉబికి వస్తుంది. అది తెచ్చే నైట్రేట్లు, ఫాస్ఫేట్ల మీద సూక్ష్మ ప్లవకాలు విపరీతంగా పెరుగుతాయి. వాటిని తిని అంచోవెటా అనే చిన్న చేప కోట్ల సంఖ్యలో బతుకుతుంది. మన కోస్తాలో దొరికే నెత్తళ్లకు ఇది దగ్గరి చుట్టం. పెద్దదైనా జానెడు పొడవు దాటడం అరుదు. అదే చల్లని నీరు తన మీది గాలిని చల్లబరచడం వల్ల తీరం మీద పొగమంచు, మబ్బు కమ్ముకుంటాయి తప్ప వాన పడదు.

ఈ చేపను తినే పక్షులు తీరంలోని దీవుల మీద రాత్రిళ్లు విశ్రమిస్తాయి, అక్కడే పిల్లలను పెంచుతాయి. వాటి రెట్టను కడిగేసే వాన లేదు కనుక అది వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకుంది. నత్రజని, భాస్వరం నిండిన ఈ ఎరువునే గ్వానో అంటారు. 19వ శతాబ్దంలో పెరూ ప్రభుత్వాన్ని పోషించింది, ఐరోపా పొలాలకు బలం ఇచ్చింది ఇదే. ఈ వ్యాపారం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు కూలింది అన్నది దీవుల మీద కంటే సముద్రంలోనే ఎక్కువగా తేలింది. పక్షులకు ఏ చోట, ఏ నెలలో, ఎంత లోతులో మేత అందుతుందన్నదే ప్రతి దశలోనూ అసలు లెక్క అయింది.

మూడు పక్షులు, మూడు పద్ధతులు

గ్వానోలో ఎక్కువ భాగం మూడు జాతులదే. మొదటిది గ్వానాయ్ అనే నీటికాకి. రెండోది పెరూ బూబీ. స్థానికులు దాన్ని పికెరో అంటారు. మూడోది పెరూ గూడబాతు. మూడింటికీ ముఖ్యాహారం అంచోవెటాయే అయినా, పట్టే పద్ధతి దేనిది దానిదే.

గ్వానాయ్ నీటి మీద వాలి, అక్కడి నుంచి మునిగి, కాళ్లతో ఈదుతూ చేపను తరుముతుంది. మామూలుగా పది మీటర్ల లోపే మునిగినా అవసరమైతే ముప్ఫై మీటర్ల దాకా వెళ్లగలదు. ఇది ఎప్పుడూ గుంపుగానే వేటాడుతుంది. ఉదయం దీవి నుంచి బయలుదేరిన పక్షులు ముందు దగ్గరలోని నీటి మీద వాలి, పెద్ద తెప్పలాంటి గుంపుగా తేలుతాయి. మేత నుంచి తిరిగి వస్తున్న వరసలు ఏ దిక్కు నుంచి వస్తే తెప్ప ఆ దిక్కుకు జరుగుతుంది. కొత్తగా బయలుదేరేవి దాన్ని చూసి దారి పట్టుకుంటాయి. బూబీ ఒంటరిగానో చిన్న గుంపుగానో ఎగురుతూ వెతికి, పైనుంచి బాణంలా నీటిలోకి దూకుతుంది. దాని వేట కొద్ది మీటర్ల లోతుకే పరిమితం. గూడబాతు భారీ పక్షి కనుక నీటి పైపొరలో ఉన్న చేపను మాత్రమే సంచిలాంటి ముక్కుతో ఎత్తుకోగలదు. చేప కొద్దిగా కిందికి దిగితే ముందు ఆకలితో అలమటించేది గూడబాతే, ఆ తర్వాత బూబీ.

చేప పైపొరలోనే ఎందుకు ఉంటుందన్నదానికీ ఈ తీరంలో ప్రత్యేక కారణం ఉంది. ప్లవకాలు చచ్చి అడుగుకు దిగి కుళ్లడం వల్ల కొన్ని పదుల మీటర్ల కిందే ప్రాణవాయువు బాగా తక్కువగా ఉన్న నీటి పొర ఏర్పడుతుంది. అంచోవెటా ఆ పొరలోకి దిగి ఎక్కువసేపు ఉండలేదు. కింద ఊపిరాడదు, పైన పక్షులు. పగలు దట్టమైన గుంపులుగా ఉండే ఈ చేపలు రాత్రికి చెల్లాచెదురవుతాయి. అందుకే ఈ పక్షులకు వేట ఎక్కువగా పగటి పని. గ్వానాయ్ ఈకలు నీటిని పీల్చుకుంటాయి కనుక అది సముద్రం మీదే రాత్రి గడపలేదు. ప్రతి సాయంత్రం దీవికి చేరాల్సిందే. రెట్ట అంతా ఒకే చోట పోగుపడడానికి ఇదొక కారణం.

కాలం మారితే మేత తీరూ మారుతుంది. దక్షిణార్ధగోళంలో డిసెంబరు నుంచి మార్చి వరకు వేసవి. అప్పుడు బయటి సముద్రపు వెచ్చని నీరు ఒడ్డువైపు జరగడంతో చల్లని నీటి పట్టీ సన్నబడుతుంది. చేపలన్నీ ఆ ఇరుకులో ఒడ్డుకు దగ్గరగా గుమిగూడుతాయి. గ్వానాయ్ గుడ్లు పెట్టడం నవంబరు, డిసెంబరుల్లో ఎక్కువగా సాగడం వల్ల పిల్లలకు తిండి ఎక్కువ కావలసిన నెలల్లోనే మేత దగ్గరగా దొరుకుతుంది. శీతకాలంలో గాలులు బలపడి చల్లని నీరు దూరదూరాలకు వ్యాపిస్తుంది. చేప ఉంటుంది కానీ చెదిరిపోతుంది, పక్షులు దూరం పోవాల్సి వస్తుంది.

చోటును బట్టి కూడా తేడా ఉంది. మధ్య, ఉత్తర తీరంలో, ముఖ్యంగా చింబోతే ఎదుట, లోతు తక్కువ సముద్రం ఒడ్డు నుంచి చాలా దూరం పరుచుకొని ఉంటుంది. చేపల గుంపులూ అంత వెడల్పునా ఉంటాయి. మకాబీ, గ్వాన్యాపే వంటి పేరున్న గ్వానో దీవులు ఈ భాగంలోవే. దక్షిణాన పుంతా సాన్ హువాన్ దగ్గర ఒడ్డు పక్కనే సముద్రం లోతెక్కుతుంది. అక్కడ చల్లని నీరు బలంగా ఉబికి వస్తుంది కనుక ఇతర చోట్ల నీరు వేడెక్కిన ఏళ్లలో కూడా పక్షులకు కొంత ఆసరా దొరుకుతుంది. ఉత్తరపు కొసన లోబోస్ ద తియెర్రా దీవి దగ్గర చల్లని నీరు, ఉష్ణమండలపు నీరు కలుస్తాయి. అక్కడ నీలికాళ్ల బూబీ కూడా అంచోవెటా మీద బతుకుతుంది.

ఇంకాల కాలం

గ్వానోను పొలాలకు వాడడం స్పానిష్‌వాళ్లు రాకముందు నుంచే ఉంది. ఉత్తర చిలీలోని అటకామా ఎడారిలో దొరికిన ప్రాచీన మొక్కజొన్నను పరీక్షిస్తే, క్రీ.శ. 1000 ప్రాంతం నుంచి భారమైన నత్రజని పాలు అసాధారణంగా పెరిగినట్టు తేలింది. సముద్రపు ఆహారపు గొలుసులో పై మెట్టున ఉండి చేపను తినే పక్షి రెట్టలోనే అంతటి పాలు ఉంటుంది. చేప నుంచి పక్షికి, పక్షి నుంచి పైరుకు చేరిన ఆ గుర్తు గింజల్లో నేటికీ చెరగలేదు.

తల్లి వైపు నుంచి ఇంకా రాజవంశానికి చెందిన గార్సిలాసో ద లా వేగా 1609లో అచ్చయిన తన గ్రంథంలో గ్వానో దీవుల మీద ఇంకా రాజులు పెట్టిన కట్టుబాట్లను వివరించాడు. పక్షులు పొదిగే కాలంలో ఎవరూ దీవుల మీద అడుగు పెట్టకూడదు, మీరినవాడికి మరణశిక్ష. ఏ కాలంలోనైనా పక్షిని చంపినా అదే శిక్ష. ఏ దీవి ఏ మండలానికి చెందాలో నిర్ణయించి, దీవి పెద్దదైతే హద్దులు వేసి పంచేవారు. పక్షుల ఏడాది చక్రాన్ని చూసి మనిషి తన పనిని సర్దుకున్న ఏర్పాటిది. అవసరానికి మించి తవ్వకపోవడం, పొదిగే నెలల్లో జోలికి పోకపోవడం దాని మూలసూత్రాలు. స్పానిష్ పాలకుల దృష్టి వెండి, బంగారు గనుల మీద ఉండడంతో తీరపు రైతులు వాడుకుంటున్నా గ్వానో పెద్ద వ్యాపారంగా మారలేదు.

ఓడల కాలం

జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 1802లో పెరూ తీరానికి వచ్చి గ్వానో నమూనాలు ఐరోపాకు తీసుకెళ్లాడు. రసాయనవేత్తలు పరీక్షించి దాని బలాన్ని తేల్చారు. అయినా పెద్దఎత్తున ఎగుమతి మొదలవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 1840లో ఫ్రాన్సిస్కో కిరోస్ అనే వ్యాపారి ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాడు. మొదటి సరుకులు ఇంగ్లండ్ చేరాక గిరాకీ చూసి ప్రభుత్వం గ్వానోను తన ఆస్తిగా ప్రకటించింది. 1842 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు బ్రిటన్ అమ్మకాల్లో లండన్‌లోని ఆంటనీ గిబ్స్ అండ్ సన్స్ సంస్థదే ప్రధాన పాత్ర.

పిస్కో రేవుకు ఎదురుగా ఉన్న మూడు చించా దీవులు ఈ వ్యాపారానికి గుండెకాయ. అక్కడ గ్వానో కొన్ని చోట్ల ముప్ఫై మీటర్లకు మించిన మందంతో కొండలా ఉండేది. 1840 నుంచి 1880 వరకు పెరూ నుంచి సుమారు 1.2 కోట్ల టన్నుల గ్వానో ఓడలెక్కింది. 1854లో రామోన్ కాస్తీయా ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసి, యజమానులకు ఇచ్చిన పరిహారాన్ని ఈ ఆదాయం నుంచే చెల్లించింది. అప్పులు, రైలు మార్గాలు, సైన్యం ఖర్చు అన్నీ రెట్ట మీదే నడిచాయి.

తవ్వినవాళ్ల బతుకు మాత్రం దారుణం. ఖైదీలు, బానిసలు, ఆపైన చైనా నుంచి తెచ్చిన ఒప్పంద కూలీలు ఈ పని చేశారు. 1849లో వచ్చిన చట్టం చైనా కూలీల దిగుమతికి దారి తెరిచింది. దీవుల మీద తవ్వకం, లోడింగు కాంట్రాక్టు చేతిలో ఉన్న భూస్వామి డొమింగో ఎలియాస్ దాన్ని మొదట వాడుకున్నవాళ్లలో ఒకడు. 1874 వరకు పెరూకు వచ్చిన చైనీయులు సుమారు 90 వేల నుంచి లక్ష మంది. వారిలో ఎక్కువ మంది చెరకు, పత్తి తోటలకు పోగా కొంత మంది దీవులకు చేరారు. రోజుకు ఇన్ని టన్నులని లెక్కగట్టి తవ్వించేవారు, తగ్గితే కొరడా. అమ్మోనియా ఘాటున్న దుమ్ము కళ్లను, ఊపిరితిత్తులను తినేసేది. తాగే నీరు కూడా ప్రధాన భూభాగం నుంచే రావాలి. భరించలేక కొండ అంచు నుంచి సముద్రంలోకి దూకి చనిపోయిన కూలీల గురించి ఆ కాలపు యాత్రికులు రాశారు.

గ్వానో కోసం దేశాలూ పోటీ పడ్డాయి. ఎవరికీ చెందని గ్వానో దీవులను తన పౌరులు సొంతం చేసుకోవచ్చంటూ అమెరికా 1856లో చట్టం చేసింది. పసిఫిక్ మధ్యలో దొరికిన దీవుల్లో చాలావాటి మీద వాన కురుస్తుంది. నత్రజని కొట్టుకుపోయి భాస్వరమే మిగిలింది. పెరూ సరుకుకు ఉన్న విలువ వాటికి రాలేదు. 1864లో స్పెయిన్ నౌకాదళం చించా దీవులను పట్టుకుంది. ఆ తగాదా 1866 మే 2న కయావో రేవు మీద ఫిరంగి దాడి దాకా సాగింది.

ఇంత గొడవలో పక్షుల గురించి ఆలోచించినవారు లేరు. ఏడాది పొడవునా పారలు, పేలుడు మందు, ఓడల రద్దీ ఉంటే గూళ్లు కట్టడం సాధ్యం కాదు. గ్వానో పొరల్లో బొరియలు తవ్వుకొని గుడ్లు పెట్టే హంబోల్ట్ పెంగ్విన్‌కు ఇల్లే లేకుండా పోయింది. అలాంటి బొరియల్లోనే ఉంటూ చిన్న రొయ్యజాతి జీవులను, చేపపిల్లలను తినే పొటోయుంకో అనే చిన్న సముద్రపక్షికీ అదే గతి. 1870ల మధ్యకు చించా దీవులు ఖాళీ అయ్యాయి. 1876లో పెరూ విదేశీ అప్పు చెల్లించలేనని చేతులెత్తేసింది. 1879లో చిలీతో మొదలైన యుద్ధంలో నైట్రేటు నిల్వలున్న తరపకాను పోగొట్టుకుంది. వేల ఏళ్ల రెట్ట నాలుగు దశాబ్దాల్లో అయిపోయింది.

పక్షులను పెంచిన కంపెనీ

20వ శతాబ్దం మొదట్లో పెరూలోని చెరకు, పత్తి రైతులకే ఎరువు కరువైంది. 1909లో ప్రభుత్వం గ్వానో నిర్వహణ కంపెనీని ఏర్పాటు చేసింది. స్కాట్లండ్ ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ ఫోర్బ్స్, అమెరికా మత్స్య నిపుణుడు రాబర్ట్ కోకర్ దీవులను పరిశీలించి సలహాలిచ్చారు. ఆ సలహాల సారం సులభం: పాత నిల్వ లేదు, ఇక బతికున్న పక్షి రోజూ వేసేదే పంట.

కంపెనీ దీవులకు కాపలాదారులను పెట్టింది. ఒక్కో దీవిని వంతుల వారీగా మూసి ఉంచి, పిల్లలు ఎగిరిపోయిన తర్వాతే తవ్వించింది. గుడ్ల దొంగతనం ఆగింది. గుడ్లు తినే రాబందులను, గల్ పక్షులను, ఆండీస్ కొండల నుంచి దిగివచ్చే కాండార్లను సైతం కాల్చి చంపించింది. 1920ల నాటికి ఏడాది దిగుబడి లక్ష టన్నులు దాటింది. 1919లో దీవులు తిరిగిన అమెరికా పక్షి శాస్త్రవేత్త రాబర్ట్ కుష్మన్ మర్ఫీ, లోకంలో గ్వానాయ్‌ని మించిన విలువైన పక్షి లేదని అమెరికా పాఠకులకు పరిచయం చేశాడు.

1940ల మధ్య నుంచి కంపెనీ మరో అడుగు వేసింది. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన భూభాగాల మెడ దగ్గర ఎత్తైన గోడలు కట్టి నక్కలు, మనుషులు రాకుండా చేసింది. పక్షులు అక్కడా గూళ్లు కట్టాయి. ఇది చోటు పెంచడమే కాదు, మేత పెంచడం కూడా. దీవి లేనందువల్ల అంతవరకు పక్షులకు అందని చేపల మేటలు కొత్త గూళ్లకు దగ్గరయ్యాయి. 1950ల మధ్యకు మూడు జాతుల పక్షులు కలిపి సుమారు 2.8 కోట్లకు చేరాయి. ఏటా దొరికే గ్వానో మూడు లక్షల టన్నులు దాటింది. ఒక అడవి పక్షిని కాపాడి ఇంత పంట తీసిన ఉదాహరణ చరిత్రలో మరొకటి దొరకడం కష్టం.

వెచ్చని నీటి ఏళ్లు

కంపెనీ కాపలా కాయలేకపోయింది సముద్రాన్ని. పైతా రేవు జాలరులు క్రిస్మస్ రోజుల్లో ఉత్తరం నుంచి వచ్చే వెచ్చని నీటికి ఎల్ నినో అని పేరు పెట్టారు. కొన్నేళ్లకోసారి ఆ వెచ్చదనం నెలల తరబడి నిలిచిపోతుంది. పైన వెచ్చని నీరు మందంగా పరుచుకోవడంతో కింది పోషకాలు పైకి రావు, ప్లవకాలు తగ్గుతాయి. ప్రాణవాయువు ఉన్న నీరు లోతుకు దిగుతుంది. చేప కూడా చల్లదనం వెతుక్కుంటూ కిందికో దక్షిణానికో పోతుంది. సముద్రంలో చేప పూర్తిగా అయిపోకముందే పక్షికి అది అందకుండా పోతుంది. పెద్ద పక్షులు గూళ్లను, పిల్లలను వదిలేసి దక్షిణం వైపు, చిలీ దాకా వెళ్లిపోతాయి. వెళ్లలేనివి ఒడ్డున చచ్చి పడతాయి. అదే ఏడాది ఎడారిలో కుండపోత వానలు కురిసి దీవుల మీది గ్వానోను కడిగేస్తాయి.

1925 ఎల్ నినోను మర్ఫీ దగ్గరుండి చూసి నమోదు చేశాడు. పక్షుల చావుకు అంటురోగమే కారణమన్న నమ్మకం అప్పటికి బలంగా ఉండేది. 1939లో కంపెనీ విలియం వోట్ అనే అమెరికా పక్షి శాస్త్రవేత్తను నియమించింది. చించా దీవుల మీద ఉంటూ ఆయన నీటి వేడిని, పక్షుల రాకపోకలను, గూళ్లను వరసగా గమనించాడు. 1939-41 మధ్య నీరు వేడెక్కినప్పుడు గ్వానాయ్‌లు పిల్లలను వదిలి పోవడం ఆయన కళ్లముందే జరిగింది. మేత అందకపోవడమే మూలమని, పక్షుల సంఖ్యకు సముద్రమే హద్దు గీస్తుందని వోట్ తేల్చి చెప్పాడు. భూమి మోయగలిగిన హద్దును దాటకూడదన్న వాదనతో 1948లో ఆయన రాసిన పుస్తకానికి ఈ దీవుల అనుభవం పునాది.

చేపపొడి కాలం

1950ల్లో మరో కొనుగోలుదారు రంగంలోకి దిగాడు. అమెరికా, ఐరోపాలలో కోళ్లు, పందుల పెంపకం పెరిగి చేపపొడికి గిరాకీ వచ్చింది. కాలిఫోర్నియాలో కవళ్లు కరువై మూతబడిన ఫ్యాక్టరీల యంత్రాలు చవగ్గా దొరికాయి. గ్వానో కంపెనీ అడ్డు చెప్పినా అంచోవెటాను నేరుగా పట్టి పొడి చేసే పరిశ్రమ ఆగలేదు. నైలాను వలలు వచ్చాయి. చింబోతే చిన్న పల్లె నుంచి పరిశ్రమల పట్టణంగా మారింది. 1970లో అంచోవెటా పట్టుబడి 1.2 కోట్ల టన్నులు దాటింది.

పక్షుల లెక్క దీనికి ఎదురుదిశలో నడిచింది. 1957-58 ఎల్ నినోతో 2.8 కోట్లున్న పక్షులు సుమారు 60 లక్షలకు పడిపోయాయి. ఇలా పడడం, కొన్నేళ్లలో కోలుకోవడం వాటికి కొత్త కాదు. 1960ల మొదట్లో 1.7 కోట్ల దాకా పెరిగాయి. 1965 ఎల్ నినో తర్వాత సుమారు 40 లక్షలే మిగిలాయి, ఈసారి కోలుకోలేదు. నీరు మళ్లీ చల్లబడినా పిల్లలను పెంచడానికి కావలసినంత దట్టమైన గుంపులు వలల పాలయ్యాయి. ఒక్కో గ్వానాయ్ రోజుకు సుమారు 400 గ్రాముల చేప తింటుంది కనుక పక్షిని పరిశ్రమకు పోటీదారుగా లెక్కగట్టేవారూ బయలుదేరారు.

1972-73 ఎల్ నినో, మితిమీరిన వేట కలిసి అంచోవెటానే కూల్చాయి. 1973లో ప్రభుత్వం నష్టాల్లో మునిగిన చేపపొడి పరిశ్రమను జాతీయం చేసింది. ఆ తర్వాత దశాబ్దంన్నర పాటు ఈ నీళ్లలో కవళ్ల జాతి చేప పెరిగింది. బూబీ కొంతవరకు దానికి అలవాటు పడింది. గ్వానాయ్ మాత్రం పెద్ద మందలుగా కదిలే పక్షి. దాని మంద నిండాలంటే అంచోవెటా గుంపే కావాలి. అందుకే దాని సంఖ్య అన్నిటికంటే లోతుగా పడింది. 1990ల్లో అంచోవెటా తిరిగి పుంజుకున్నా పక్షులు పాత సంఖ్యకు చేరలేదు.

ఇప్పటి తీరం

ఇప్పుడు గ్వానో తవ్వకం వ్యవసాయ శాఖ చేతిలో ఉంది. ఏటా కొన్ని దీవులనే ఎంచుకొని, కూలీలు చేత్తోనే గునపాలతో తవ్వి, ఊడ్చి, జల్లించి సంచులకెత్తుతారు. సేంద్రియ సాగు చేసే రైతులకు, కొండ ప్రాంతపు చిన్న రైతులకు అది చేరుతుంది. 2009లో 22 దీవులు, దీవుల గుంపులు, 11 భూకొనలు కలిపి జాతీయ అభయారణ్యంగా ప్రకటించారు.

పక్షులకు చిన్న పరికరాలు కట్టి చేసిన పరిశోధనలు పాత అనుభవాన్ని బలపరిచాయి. లీమాకు ఎదుట ఉన్న దీవి దగ్గర చేపల వేట కాలం మొదలవగానే బూబీలు అంతకుముందుకంటే దూరం పోవాల్సి వచ్చింది, ఎక్కువ సార్లు దూకాల్సి వచ్చింది. 2012 మొదటి నెలల్లో ఉత్తర తీరాన నీరు వేడెక్కి అంచోవెటా కిందికి దిగింది. వేల గూడబాతులు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పైపొరలో తప్ప వేటాడలేని పక్షి అదే కావడం యాదృచ్ఛికం కాదు. రేవుల్లో, చేపల బజార్లలో జాలరులు పారేసే ముక్కల కోసం గూడబాతులు కాచుకు కూర్చోవడం ఇటువంటి కాలాల్లో ఎక్కువవుతుంది. 2022 చివర్లో వచ్చిన బర్డ్ ఫ్లూ లక్షల సముద్రపక్షులను బలి తీసుకుంది. గుంపులుగా కిక్కిరిసి ఉండే అలవాటు ఆ రోగానికి కలిసొచ్చింది.

అభయారణ్యపు హద్దు ప్రతి దీవి చుట్టూ రెండు నాటికల్ మైళ్లే. పక్షి మేతకు పోయే దూరం పదుల కిలోమీటర్లు. కాబట్టి గూటికి దొరికిన రక్షణ మేతకు దొరకాలంటే అది చేపల వేట నియమాల ద్వారానే రావాలి. పెద్ద పడవలు ఒడ్డుకు ఐదు మైళ్ల లోపు రాకూడదు. సముద్ర పరిశోధన సంస్థ చేపల రాశిని కొలిచాకే ఎంత పట్టాలో, ఎప్పుడు పట్టాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2023లో నీరు వేడెక్కి చిన్నచేపలే ఎక్కువగా కనిపించడంతో ఉత్తర, మధ్య తీరంలో మొదటి వేట కాలాన్ని పూర్తిగా రద్దు చేశారు. పరిశ్రమకు అది పెద్ద నష్టం. సముద్రం మోయగలిగిన హద్దును ఒప్పుకొని తీసుకున్న నిర్ణయం కూడా. ఇంకాలు పొదిగే నెలల్లో దీవిని మూశారు, 1909 కంపెనీ దీవికి కాపలా పెట్టింది. మేత కాలాన్ని, మేత చోటును కూడా లెక్కలోకి తీసుకోవడం ఈ తరం చేర్చిన మెట్టు. గ్వానో పక్షులు పాత సంఖ్యకు దగ్గరగానైనా చేరతాయా అన్నది ఆ లెక్కను ఎంత నిష్ఠగా పాటిస్తారన్నదాని మీదే ఆధారపడి ఉంది.